అమరావతి శిల్పాలు: ముందు గది కట్టండి, తర్వాత అడగండి

సంపాదకుడు గారికి నమస్కారం.

లండన్‌లో ఉన్న అమరావతి బౌద్ధస్తూపం శిల్పాలను వెనక్కి తేవాలన్న మాట మన దగ్గర అప్పుడప్పుడూ లేస్తుంది, నాలుగు రోజులు నడుస్తుంది, చల్లారిపోతుంది. మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు వాటిని చూసొచ్చాను కాబట్టి నాకు తోచింది రాస్తున్నా.

నిజానికి ఆ రోజు బయల్దేరింది బజార్లు చూద్దామని. పొద్దున్నుంచీ ముసురు. అక్కడి వాన మన వానలా దంచికొట్టి పోదు, రోజంతా సన్నగా జల్లుతూనే ఉంటుంది. కావెంట్ గార్డెన్‌కి పైకప్పు ఉంది గనక అక్కడే తిరిగాం. ఒకప్పుడది కూరలూ పళ్లూ పూలూ అమ్మే పెద్ద టోకు మార్కెట్, 1974లో దాన్ని నది అవతల నైన్ ఎల్మ్స్‌కి మార్చారు గానీ పాత కట్టడాన్ని కూలగొట్టలేదు. పూల మార్కెట్ అయితే ఇప్పుడు రవాణా మ్యూజియం. దానికి టికెట్ ఉంది, మా ఆవిడ వద్దంది. అక్కడికి పావుగంట నడకలో బ్రిటిష్ మ్యూజియం, టికెట్ లేదు. వానకి తలదాచుకుందామని వచ్చినవాళ్లు కూడా గొడుగులు దులుపుకుంటూ లోపలికి పోతున్నారు, మేమూ పోయాం.

33ఎ గదిలో అద్దాల వెనక మన పల్నాటి సున్నపురాయి పలకలున్నాయి. అక్కడున్న వాటిలో ఒక పలకకి రెండు వైపులా చెక్కడమే. పాత వైపు బుద్ధుడి రూపం ఉండదు, చెట్టు కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కేవాళ్లు. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి ఇంకోవైపు మహాస్తూపాన్నే చెక్కారు: ద్వారం దగ్గర సింహాలు, స్తూపం ముందు వేదిక మీద వరసగా నిలబెట్టే ఐదు ఆయక స్తంభాలు, వెనక అండం అనే గుండ్రటి గుమ్మటం. అమరావతిలో ఆ దిబ్బ ఎన్నిసార్లు చూసినా నాకు ఊహకి అందనిది ఈ పలక ముందు నిలబడితే అర్థమైంది.

1845లో ఈస్టిండియా కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు చేర్చిన శిల్పాలు తర్వాత ఓడెక్కాయి, 1880లో ఈ మ్యూజియానికి వచ్చాయి. తెల్లవాళ్లు ఎత్తుకుపోయారని తిట్టడం సులువే, కానీ అంతకు ముందే మనవాళ్లు కట్టడాలకి పలకలు పీక్కుపోయారు, సున్నం కోసం కాల్చారు కూడా. ఆ సంగతి ఎవరూ ఎత్తరు.

శాశ్వతంగా ఇచ్చేయమంటే 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం అడ్డం. అది మార్చాల్సింది వాళ్ల పార్లమెంటు, మన స్టేట్‌మెంట్లకి అది కదలదు. అరువుకి మాత్రం అడ్డు లేదు. 2017లో ముంబయి మ్యూజియంలో జరిగిన ప్రదర్శనకి ఇదే బ్రిటిష్ మ్యూజియం ఎన్నో వస్తువులు పంపింది, అవి ఆ తర్వాత ఢిల్లీలోనూ చూపించారు. ముంబయికి వచ్చినప్పుడు అమరావతికి ఎందుకు రాకూడదు?

కాకపోతే అరువిచ్చేవాడు ముందు అడిగేది గది గురించి. గాలిలో తేమ, వేడి అదుపులో ఉండాలి, కాపలా ఉండాలి, ఇన్సూరెన్స్ ఉండాలి. అలాంటి గది ఒకటి స్తూపం దగ్గర కట్టండి. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ అమరావతి శిల్పాలు చాలా ఉన్నాయి, వాటిలో కొన్నైనా తెచ్చి ఆ గదిలో పెట్టేలా తమిళనాడుతో మాట్లాడండి. అది రాష్ట్ర ప్రభుత్వమూ పురావస్తు శాఖా కూర్చుంటే తేలే పని. ఆ తర్వాత లండన్‌కి రాయండి, మొదట ఆ రెండువైపుల పలకే అడగండి, ఆరు నెలలకైనా సరే.

— ఒక పాఠకుడు, గుంటూరు