72 మి.మీ. టెలిస్కోపుకి అడ్వాన్స్ ఇచ్చినవారికి

బెంగళూరు మారతహళ్లిలోని మా షాపులో 72 మి.మీ. ఈడీ రిఫ్రాక్టర్ (రంగులు తక్కువ చెదిరే గాజుతో చేసిన లెన్సుల టెలిస్కోపు) కోసం అడ్వాన్స్ కట్టి ఎదురుచూస్తున్నవారందరికీ ఒక మాట. సరుకు వచ్చింది, కానీ మీకు ఇవ్వడం లేదు. లాట్ మొత్తం వెనక్కి పంపేస్తున్నాను.

పైకి వంక పెట్టడానికేమీ లేదు. పెయింటు బాగుంది, ఫోకసర్ మెత్తగా తిరుగుతోంది. మేడ మీద బిగించి, అభిజిత్ నక్షత్రం మీదికి తిప్పి, ఫోకస్ కాస్త తప్పించి చూశాను. దీన్నే స్టార్ టెస్ట్ అంటాం. లెన్సులు సరిగ్గా కూర్చుంటే వలయాలు ఒకదానిలో ఒకటి గుండ్రంగా కనపడాలి. ఇక్కడ అన్నీ ఒక పక్కకి ఒరిగిపోయాయి. కెమెరా తగిలించి ఫోటో తీస్తే ఫ్రేము నట్టనడుమ ఉన్న చుక్కకి కూడా తోక వచ్చింది. ఏదో ఒక ట్యూబులో అంటే సరే అనుకోవచ్చు, తెరిచిన ప్రతి పెట్టెలోనూ ఇదే వరస.

సప్లయర్‌కి ఫోటోలు పంపితే, "గాజు ఎఫ్‌పీఎల్-53, జపాన్‌ది, ఇంకేం కావాలి?" అన్నాడు. గాజు సంగతి నేను అడగనే లేదు. అబ్బే సంఖ్య ఎంత ఎక్కువుంటే రంగులు అంత తక్కువ చెదురుతాయి. మామూలు బీకే7 గాజుకి అది 64, ఎఫ్‌పీఎల్-51కి 81.5, ఎఫ్‌పీఎల్-53కి 94.9. అంతా నిజమే. కానీ రెండు లెన్సులూ ఒకే అక్షం మీద కూర్చోకపోతే ఎంత మంచి గాజైనా ఏం లాభం? అప్పుడు అసలు మాట బయటపెట్టాడు: "కంటితో చూసేవాళ్లకి తెలీదు. వేరే డీలర్లెవరూ అడగలేదు. ఇంత చిన్న షాపు పెట్టుకుని నీకెందుకయ్యా ఇంత పట్టింపు?"

ఆ మాట గట్టిగానే తగిలింది. నా దగ్గర కొనేవాళ్లు అమావాస్యకి గండికోట దాకా, హార్స్‌లీ హిల్స్ దాకా కారు తోలుకుపోయి, తెల్లవార్లూ చలిలో కూర్చుని, తెచ్చుకున్న ఫ్రేముల్ని రోజుల తరబడి ఒకదాని మీద ఒకటి పేర్చి ఒకే ఫోటోగా స్టాక్ చేసుకునే మనుషులు. వాళ్లకి తోకలున్న చుక్కలు అంటగట్టమంటాడా?

నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఇంకొకటి. షాపులో 80 మి.మీ., ఎఫ్/5 ఆక్రోమాట్‌లు (మామూలు గాజు లెన్సుల టెలిస్కోపులు) ఉన్నాయి. ధర చాలా తక్కువ. మీలో కొందరు ఫోన్ చేసి "పోనీ అదైనా ఇచ్చేయండి, సీజన్ పోతోంది" అన్నారు. అడ్వాన్సులన్నీ తిరిగిచ్చేస్తే షాపు అద్దె ఎలా అని ఇంట్లోనూ టెన్షన్. అటూ ఇటూ ఎంత ఆలోచించినా నా మనసు ఒప్పుకోలేదు. చంద్రుణ్ణి, కృత్తికల్ని కంటితో చూడ్డానికైతే ఆ ఆక్రోమాట్ చక్కటిది, ఇవాళే ఇస్తాను. కానీ అది రెండు రంగుల్నే ఒకచోట కలుపుతుంది. ఊదా కొస విడిగా మిగిలిపోతుంది. కంటికి అంతగా ఆనని ఆ వెలుగుని కెమెరా మాత్రం వదలదు. కృత్తికల్ని ఫోటో తీస్తే ప్రతి చుక్క చుట్టూ ఊదా పొగ కమ్ముతుంది. ఫోటోల కోసం అని వచ్చినవాళ్లకి నేను దాన్ని అమ్మను.

డబ్బు కావాలంటే అడ్వాన్స్ పూర్తిగా, ఎలా కట్టారో అలాగే వెనక్కి వస్తుంది. ఆగుతామంటే పాత ధరకే ఇస్తాను. వేరేచోటి నుంచి తెప్పిస్తున్నాను, అక్కడ రేటు ఎక్కువ, ఆ తేడా నేను భరిస్తాను. ప్రతి ట్యూబుతో దాని సీరియల్ నంబరు, స్టార్ టెస్ట్ ఫోటో రెండూ ఇస్తాను.

ఈలోపు బడ్జెట్‌లో సింహభాగం టెలిస్కోపుని మోసి, చుక్కల వెంట తిప్పే మౌంట్‌కి పెట్టండి. ఆకాశం సెకనుకి 15 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) జరుగుతుంటే ఈ ట్యూబుకున్న 420 మి.మీ. ఫోకల్ లెంగ్త్‌తో, చుక్కల వెంట తిరిగే ట్రాకింగ్ లేకుండా ఏమీ చేయలేం. మీ దగ్గరున్న 135 మి.మీ. కెమెరా లెన్స్ పెట్టి పోలార్ అలైన్‌మెంట్ (మౌంట్ అక్షాన్ని ఆకాశ ధ్రువం వైపు సరిపెట్టడం) చేయి తిరిగేదాకా సాధన చేయండి. ఫోటో అంచుల్లోనూ చుక్కల్ని స్ఫుటంగా ఉంచే ఫీల్డ్ ఫ్లాటెనర్ మాత్రం ఇప్పుడే కొనొద్దు. అది ట్యూబుకి తగ్గది కావాలి, పైగా చాలావాటికి సెన్సర్ సరిగ్గా 55 మి.మీ. దూరంలో ఉండాలి.

ఆ లాట్‌లోంచి ఒక ట్యూబుని ఆదివారం దాకా అట్టేపెట్టాను. నా మాట మీద అనుమానం ఉంటే వచ్చి మీ కెమెరాతోనే చూసుకోండి. "ఫర్వాలేదు, నాకిది చాలు" అన్నా సరే, దాన్ని అమ్మను.