సీట్లు మారేలోపే విజిల్ వేసేశారు

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్ జిల్లా పేజీలో తరచూ ఒక ఫొటో వస్తుంటుంది, ఏదో స్కూల్ పిల్లలు సైన్స్ సెంటర్ గేటు ముందు వరసగా నిలబడి ఉంటారు, కింద విజ్ఞాన యాత్ర అని రాసి ఉంటుంది. ఫొటో బానే ఉంటుంది గానీ లోపల ఎంతసేపు ఉన్నారు, దేన్నన్నా చేత్తో ముట్టుకున్నారా అనేది మాత్రం ఎవరూ రాయరు. నేను 31 ఏళ్ళు ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అటెండర్‌గా చేసి రిటైర్ అయినవాణ్ణి, లెక్చరర్ని కాను, బీరువా తాళాలు, స్క్రూగేజీలు, పగిలిన బీకర్ల లెక్కా ఇదే నా ఉద్యోగం, కాబట్టి పెద్ద మాటలేం చెప్పను, చూసింది చెప్తాను.

మొన్న మా మనవరాలి స్కూల్ వాళ్ళు టూర్ పెట్టారు, తను ఎనిమిదో క్లాసు, పెద్దవాళ్ళెవరైనా తోడు వస్తే బావుంటుందంటే ఖాళీగానే ఉన్నా కదా అని బస్సెక్కాను. తెల్లారుజామున బయల్దేరి, గుడి దర్శనం, టిఫిను, ఇంకో గుడి, భోజనాలు, అన్నీ అయ్యాక మధ్యాహ్నం రెండున్నరకి సైన్స్ సెంటర్, నాలుక్కల్లా మళ్ళీ బస్సు దగ్గర ఉండాలి. నూట ఇరవై మంది పిల్లలు. అందులో టికెట్లకీ, బాత్రూములకీ ఎంత పోయిందో మీరే ఊహించుకోండి. ఏ ఊరి సెంటరో, ఏ స్కూలో చెప్పడం లేదు, ఎందుకంటే తప్పు సెంటర్ వాళ్ళది కాదు, స్కూల్ వాళ్ళు కూడా చెడ్డవాళ్ళు కాదు, అందరూ చేసేదే వాళ్ళూ చేశారు.

బయట పార్కులో ఉయ్యాలలు ఉన్నాయి, ఒకదానికి గొలుసు పొడుగు, ఒకదానికి పొట్టి. మావాళ్ళు ఇద్దరు ఎక్కారు, మా పిల్ల పుల్లలా ఉంటుంది, తన ఫ్రెండ్ కాస్త బొద్దుగా ఉంటుంది, ఆ అమ్మాయి పొడుగు గొలుసు ఉయ్యాల ఎక్కింది, నిదానంగా ఊగుతోంది. ఇంకేముంది, బరువుగా ఉన్నావు కాబట్టే నీది స్లో అని మా పిల్ల మొదలెట్టింది, కాదు గొలుసు పొడుగు కాబట్టి అని ఆ పిల్ల, ఇద్దరూ కాసేపు వాదించుకుని చివరికి సరే దిగు, సీట్లు మారి చూద్దాం అనుకున్నారు. నాకైతే ఒళ్ళు పులకరించింది సార్, 31 ఏళ్ళలో ల్యాబ్‌లో ఇలా అడిగిన వాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు, సరిగ్గా అప్పుడే పీఈటీ మాస్టారు విజిల్ వేశారు. లైన్, లైన్, లోపలికి పదండి. అంతే, దిగిపోయారు. లోపల గాలిలో తేలే బంతి, రెండు అద్దాల మధ్య బోలెడు మొహాలు, పుటాకార దర్పణంలో, అంటే లోపలికి వంగిన అద్దంలో, తలకిందులుగా కనిపించే మనమూ, అన్నీ ఒక్కోటి పది సెకన్లు. పార్కు చివర రెండు పెద్ద డిష్‌లు ఎదురెదురుగా దూరంగా ఉంటాయి, ఒక దాని ముందు గుసగుసలాడితే అవతలి దాని దగ్గర చెవి పెట్టినవాళ్ళకి వినపడుతుంది, ఆ డిష్ వంపు మీద పడిన శబ్దం చెదిరిపోకుండా ఒకే దిక్కుగా వెళ్ళి రెండో డిష్ వంపులో మళ్ళీ ఒక్క చోట కూడుతుంది కాబట్టి. నూట ఇరవై మంది అరుపుల్లో అది వినపడుతుందా చెప్పండి, ఒక పిల్లాడు అయితే ఇది పాడైపోయింది సార్ అని కంప్లైంట్ కూడా చేశాడు.

ఇంటికొచ్చాక రెండో రోజు మా పిల్ల తాతయ్యా ఆ ఉయ్యాల సంగతి తేలలేదు అంది. సరే అని వసారాలో ఉయ్యాల కొక్కేనికి పురికొస కట్టి, గేటు తాళం ఒకసారి, చిన్న గులకరాయి ఒకసారి వేలాడదీశాం. టేపుతో కొలిచి మీటరు తాడు పెట్టింది. 20 ఊపులకి ఎంతసేపు పడుతుందో ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి చూడమన్నా. మొదటిసారి 38 సెకన్లు చిల్లర వచ్చింది. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే మా ల్యాబ్‌లో ప్రతి బ్యాచ్ చేసే తప్పే ఇది, వదలగానే ఒకటి అంటారు, ఇరవై అనేసరికి అయ్యేది పంతొమ్మిదే. వదిలేటప్పుడు సున్నా అనమన్నాను. అప్పుడు తాళానికి 40.9, రాయికి 40.3 వచ్చింది. చూశావా తాతయ్యా బరువుగా ఉంటే స్లోనే, నేనే గెలిచా అని గంతులు. నేనేం చెప్పలేదు, తాడు ఎక్కడిదాకా కొలిచావమ్మా అని మాత్రం అడిగా. తాళం పైదాకా అంది. కాసేపు తాళాన్నీ రాయినీ చూస్తూ కూర్చుని, తర్వాత తనే లేచి రెండిటికీ నడిమధ్యదాకా మీటరు వచ్చేలా ముడులు మార్చింది, ఊపుకి లెక్కలోకొచ్చే పొడుగు బరువు నడిమధ్యదాకా కదా, తాళం పెద్దది కాబట్టి అంతకుముందు దాని పొడుగే ఎక్కువైంది. రెండూ 40కి కాస్త పైన, ఒకటే. అప్పుడు తన ఫ్రెండ్‌కి ఫోన్ చేసి నువ్వే కరెక్ట్ అని చెప్పింది, అదీ కొంచెం ముక్కుతూనే. (నిలబడి ఊగితే మాత్రం వేరే కథ, బరువు పైకి జరుగుతుంది కాబట్టి ఉయ్యాల పొట్టిదైనట్టే లెక్క, కాస్త వేగంగా ఊగుతుంది, అది ఇంకా తనకి చెప్పలేదు, తనే పట్టుకుంటుందేమో చూద్దామని.)

ఇదంతా గంటన్నర పట్టింది. స్కూల్ వాళ్ళు సెంటర్ మొత్తానికి ఇచ్చిన టైమూ గంటన్నరే.

నేను చెప్పేది ఒకటే, ఎగ్జిబిట్లు అన్నీ చూపించాలన్న యావ వదిలేయండి. ముప్పై మందిని తీసుకెళ్ళండి, నలభై మందిని తీసుకెళ్ళండి, పొద్దున్నే తీసుకెళ్ళండి, పిల్లలు అలిసిపోకముందు, గుడి సాయంత్రం కూడా తెరిచే ఉంటుంది. మూడు నాలుగు ఎగ్జిబిట్ల దగ్గర వదిలేయండి. విజిల్ బస్సులోనే పెట్టేయండి. లోపల ఎక్స్‌ప్లెయినర్లు అని ఉంటారు, చాలామంది కుర్రాళ్ళే, ఒక్క ప్రశ్న అడిగితే ఎంత సంతోషంగా చెప్తారో, మా బ్యాచ్‌లో వాళ్ళని ఎవరూ ఏమీ అడగలేదు, ఒక టీచరు సెల్ఫీ తీసిపెట్టమన్నారు.

మనకి ఇవి లేవా అంటే ఉన్నాయి. హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్ మీద బిర్లా ప్లానెటేరియం 1985లో ఎన్టీ రామారావు గారు ప్రారంభించారు, తర్వాత అక్కడే సైన్స్ మ్యూజియం వచ్చింది, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లిలో తవ్వి తీసిన డైనోసార్ ఎముకల్ని నిలబెట్టి ఉంచారు, దాని పేరు కోటసారస్, పూర్తిగా మన గడ్డ మీది జంతువు, కానీ హైదరాబాద్ పిల్లల్ని అడిగితే సినిమాల్లో చూసిన టీ రెక్స్ గురించే చెప్తారు. తిరుపతిలో రీజినల్ సైన్స్ సెంటర్ 1993 నుంచీ ఉంది. ఇది నేషనల్ కౌన్సిల్ ఆఫ్ సైన్స్ మ్యూజియమ్స్ వాళ్ళది, ఆ సంస్థ సైన్స్ శాఖ కింద కాకుండా కేంద్ర సాంస్కృతిక శాఖ కింద ఉంటుంది, నాకు ఇది భలే నచ్చింది, సైన్సు కూడా సంస్కృతే అని ఎవరో అనుకున్నట్టే కదా. ఇక కుప్పం దగ్గర గుడుపల్లిలో అగస్త్య ఫౌండేషన్ వాళ్ళ క్యాంపస్ 172 ఎకరాలు, 1999లో మొదలైన సంస్థ, చుట్టుపక్కల గవర్నమెంట్ స్కూల్ పిల్లలు వచ్చి చేత్తో చేసి చూసి వెళ్తారు, రాలేని ఊళ్ళకి వ్యాన్లలో, ఆఖరికి మోటార్ సైకిల్ మీద కూడా సామాన్లు పెట్టుకుని వెళ్తారు. ఒక మోటార్ సైకిల్ వెనక పెట్టెలో పట్టే సామానుతో పిల్లల్ని పూటంతా కూర్చోబెట్టచ్చంటే మా కాలేజీ బీరువాల్లో మూలిగిన సామాను గుర్తొచ్చి బాధేస్తుంది.

ఆ బీరువాల సంగతి కూడా చెప్పేస్తాను, ఇప్పుడు నన్నెవరూ ఏమీ అనలేరు. నేను చేసిన రోజుల్లో ఇంటర్‌లో ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌కి 30 మార్కులు ఉండేవి. సంవత్సరమంతా ల్యాబ్ తాళం తీసేది తక్కువ, పరీక్షలకి మూడు వారాల ముందు రికార్డులు పంచేవాళ్ళు, సీనియర్ రికార్డు చూసి జూనియర్, వాడిది చూసి ఇంకొకడు, సింపుల్ పెండ్యులమ్ (మేం వసారాలో తాడుకి బరువు కట్టి ఊపిందే) రీడింగులు పాయింట్ తర్వాత అంకెతో సహా ఏటా అవే. ఒకసారి ఒక అబ్బాయి నిజంగా చేసి రాసుకొచ్చాడు, రీడింగు కాస్త తేడా వచ్చింది, రికార్డులో ఉన్నట్టు లేదని కొట్టేశారు. వాడు ఆ తర్వాత అందరిలాగే రాశాడు. ఈ పిల్లలే రేపు ఇంజనీరింగ్‌కి వెళ్తారు, అక్కడా ఏం జరుగుతుందో నాకు తెలీదనుకోకండి.

డబ్బులు లేని స్కూళ్ళ సంగతేంటి అని ఎవరైనా అడగచ్చు. ప్రభుత్వం వాళ్ళకి ఒక బస్సు కిరాయి ఇస్తే చాలు అనేది నా మొదటి మాట. రెండోది, కొన్నిటికి బస్సు కూడా అక్కర్లేదు. మన ప్రాంతంలో ఏడాదికి రెండు రోజులు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిట్టనిలువుగా పాతిన కర్రకి నీడే పడదు. హైదరాబాద్‌కి అయితే మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి. మేలో సెలవులు, సరే, ఆగస్టులో బడి ఉంటుంది కదా, మబ్బు లేకపోతే గ్రౌండ్‌లో ఒక పైపు ముక్క నిలబెట్టండి, వారం ముందు నుంచీ రోజూ నీడ కొలిపించండి. మీ పేపర్లో రోజూ రాశిఫలాలు వేస్తున్నారు, ఏ ఊళ్ళో ఏ రోజు నీడ మాయమవుతుందో ఒక చిన్న డబ్బా కట్టి వేయండి సార్, ఏడాదికి రెండు సార్లే కదా అడుగుతున్నా.

సంక్రాంతి సెలవుల్లో మేం మళ్ళీ ఆ సెంటర్‌కి వెళ్తున్నాం, ఈసారి బస్సులో ముగ్గురమే, నేనూ, మనవరాలూ, ఆ బొద్దు ఫ్రెండూ. సీట్లు మారడం బాకీ ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ అటెండర్,
నెల్లూరు జిల్లా