పీఏబీఆర్ డ్యాము గట్టు మీద నుంచి ఒక విన్నపం: మహాసముద్రాల పందేలకు మా పిల్లలకూ దారి చూపండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర క్రీడల శాఖ మంత్రివర్యులకు నమస్కారములు.

నేను అనంతపురం జిల్లా కూడేరు మండలంలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి, మహాసముద్రాల మీద తెరచాప పడవల పందేల్లో పాల్గొనే వృత్తి నావికుడు కావాలని కొన్నేళ్లుగా పాటుపడుతున్నాడు. కరువు సీమలో పుట్టినవాడికి సముద్రంతో ఏం పని అని అతన్ని అడగనివారు లేరు. ఇన్నాళ్లూ అతని తరఫున నేను నోటిమాటగా జవాబు చెబుతూ వచ్చాను. ఇక మీకే రాతపూర్వకంగా చెప్పుకోవాలనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

2018 మే 21న భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు ఐఎన్‌ఎస్‌వీ తారిణి అనే 56 అడుగుల తెరచాప పడవలో ప్రపంచాన్ని చుట్టి గోవా చేరుకున్నారు. ఆ ఆరుగురిలో విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య మన తెలుగు ఆడపడుచులు. పేపర్లో వచ్చిన వారి ఫొటో కత్తిరించి, జూన్‌లో బడి తెరవగానే నోటీసు బోర్డుకు అంటించాను. ఆ ఏడు ఎనిమిదో తరగతిలోకి వచ్చిన ఈ అబ్బాయి ప్రతి విరామంలోనూ ఆ బోర్డు ముందే నిలబడేవాడు. వాళ్లది పెన్నహోబిలం జలాశయంలో, అంటే మేము పీఏబీఆర్ అని పిలుచుకునే డ్యాములో, చేపలు పట్టుకుని బతికే కుటుంబం.

ఆషాఢం గాలి మొదలైన ఒక ఆదివారం నేను కొర్రకోడు వైపు వెళ్లి, గట్టు మీద నుంచి ఒక దృశ్యం చూశాను. రెండు ఎరువుల సంచులను విప్పి కుట్టి, వెదురు గడకు కట్టి, ఆ గడను పుట్టి మధ్యలో నిలబెట్టి వస్తున్నాడు ఆ పిల్లవాడు. పుట్టి గుండ్రంగా ఉంటుంది కనుక గాలి తగిలితే గిరగిరా తిరిగిపోవాలి. అతను తెడ్డును వెనుక నీళ్లలో ఏటవాలుగా దించి, దాన్నే చుక్కానిగా పట్టుకుని, వాళ్ల నాన్న వలలు ఆరేసుకున్న చోటికే తిన్నగా వచ్చి ఆగాడు. అది అతనికి నేర్పినవారెవరూ లేరు. ముప్పై ఏళ్లుగా పిల్లలకు ఆటలు నేర్పుతున్న నాకు ఆరోజు చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

సెయిలింగ్‌కు కావలసింది నీళ్లూ గాలీ. మా జిల్లాకు వాన తక్కువ, నిజమే. కానీ గాలికి కొదవ లేదు. పాత ఉమ్మడి జిల్లాలోని రామగిరి కొండల మీద, ఉరవకొండ, బెళుగుప్ప మెట్టల మీద తిరుగుతున్న గాలిమరలను చూసినవారికి ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఇక తుంగభద్ర ఎగువ కాలువ, హంద్రీ-నీవా పుణ్యమా అని పీఏబీఆర్‌లో నీళ్లు కనిపిస్తున్నాయి. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న హుస్సేన్‌సాగర్ మీద ఏటా వానాకాలంలో జాతీయ స్థాయి పందేలు జరుగుతున్నాయంటే, అక్కడ శిక్షణ పొందిన పేదింటి పిల్లలు దేశం తరఫున పోటీలకు వెళ్తున్నారంటే, మా డ్యాములో ఆ పని ఎందుకు జరగకూడదు? అనంతపురంలో టెన్నిస్ ఏమిటని ఒకప్పుడు ఆశ్చర్యపోయినవాళ్లున్నారు. 2010లో రఫెల్ నాదల్ స్వయంగా వచ్చి ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) క్రీడా గ్రామంలో టెన్నిస్ బడి తెరిచాడు. ఈనాడు మా పల్లెల పిల్లలు అక్కడ రాకెట్ పట్టుకుంటున్నారు.

మంత్రివర్యా, ఈ వృత్తి ఎలా నడుస్తుందో మీ అధికారులకు తెలియకపోవడమే అసలు చిక్కు అని నా నమ్మకం. అందుకే ఈ విషయం కొంచెం వివరంగా రాస్తున్నాను. చెరువులోనో, తీరం పక్కనో డింగీలనే చిన్న తెరచాప పడవల మీద గంటసేపు జరిగే పందెం వేరు, రోజుల తరబడి నేల కనిపించని చోట జరిగే ఓషన్ రేసింగ్ వేరు. 1973లో మొదలై ఇప్పుడు ది ఓషన్ రేస్ అని పిలుస్తున్న పోటీలో జట్లు మజిలీలు చేసుకుంటూ భూగోళాన్ని చుడతాయి. 2008 డిసెంబరులో ఆ పడవలు మన కొచ్చికి కూడా వచ్చాయి. ఫ్రాన్స్‌లో 1989లో మొదలైన వాందే గ్లోబ్‌లో ఒక్క మనిషి, ఎక్కడా ఆగకుండా, ఎవరి సాయమూ తీసుకోకుండా ప్రపంచాన్ని చుట్టి రావాలి. జట్టు పడవలో అయితే సాధారణంగా నాలుగు గంటలు పని, నాలుగు గంటలు విశ్రాంతి. ఒంటరి నావికుడికి ఆ నాలుగు గంటలు కూడా దక్కవు, ఇరవై నిమిషాల చొప్పున కునుకు తీస్తూ వారాలు గడపాలి. తెరచాప చిరిగితే కుట్టుకోవాలి, తాడు తెగితే తెరచాప స్తంభం ఎక్కాలి, వాతావరణ పటం చదివి దారి నిర్ణయించుకోవాలి, పోటీ ఖర్చుకు స్పాన్సర్లను వెతుక్కోవాలి. ఇందులో నెల జీతం ఉండదు. ఒక పోటీకి ఒక ఒప్పందం, మధ్యలో పడవలను ఒక రేవు నుంచి మరో రేవుకు చేర్చే పని, తెరచాపలు కుట్టే పని, శిక్షణ ఇచ్చే పని. ఈ తరహా బతుకుతెరువును వరల్డ్ సెయిలింగ్ సంస్థ వృత్తిగానే గుర్తించి, డబ్బు తీసుకుని పడవ నడిపేవారిని ప్రత్యేక వర్గంగా నమోదు చేస్తుంది.

ఈ వృత్తిలోకి ప్రవేశం డిగ్రీతోనో, పతకంతోనో కలిగేది కాదు. సముద్రం మీద ఎన్ని మైళ్లు తిరిగావు అన్నదే మొదటి ప్రశ్న. దూరసముద్రంలో పడవ నడిపించే అర్హతను తేల్చే, ప్రపంచమంతటా చెల్లే యాట్‌మాస్టర్ ఆఫ్‌షోర్ పరీక్షకు కూర్చోవాలంటే కనీసం 50 రోజులు పడవ మీద గడిపి 2,500 నాటికల్ మైళ్లు ప్రయాణించినట్టు లాగ్‌బుక్, అంటే ప్రయాణాలు రాసుకునే పుస్తకం, చూపాలి. అందులో సగమైనా ఆటుపోట్లుండే నీళ్లలోనే జరగాలి. మా అబ్బాయి హైదరాబాదులో డింగీ నేర్చుకుని, ఇంటర్ తర్వాత గోవా వెళ్లి, తెరచాప పడవలు కడగడం, తాళ్లు లాగడం, వంట చేయడం వంటి పనులన్నిటికీ ఒప్పుకుని, గోవా నుంచి ముంబైకీ, గోవా నుంచి కొచ్చికీ పడవలు చేర్చే ప్రయాణాల్లో 1,100 మైళ్లు కూడబెట్టాడు. ఆ లాగ్‌బుక్ నేను చూశాను. ఉప్పునీటికి అంచులు ఉబ్బిపోయిన ఆ పుస్తకంలో ప్రతి వరుసకూ తేదీ, గాలి దిశ, గాలి వేగం, స్కిప్పర్ (పడవ నాయకుడు) సంతకం ఉన్నాయి. ఒక చోట మాత్రం తెలుగులో 'రాత్రంతా వాంతులు, అయినా నా కాపలా వదల్లేదు' అని రాసుకున్నాడు.

ఆ పుస్తకం పట్టుకుని క్రీడా ప్రోత్సాహకం కోసం అతను ఒక కార్యాలయానికి వెళ్తే, జాబితాలో లేని ఆటకు దరఖాస్తే తీసుకోబోమన్నారు. అక్కడి ఉద్యోగి ఒకరు 'అనంతపురంలో సముద్రమెక్కడుంది నాయనా' అని నవ్వారట. పరీక్ష ఫీజుకూ, ప్రాణరక్షణ శిక్షణకూ అప్పు కోసం ఒక బ్యాంకుకు వెళ్తే, అది కాలేజీ కోర్సు కాదు కనుక విద్యారుణం రాదన్నారు. వాళ్ల మీద ఫిర్యాదు చేయడం నా ఉద్దేశం కాదు, వాళ్ల చేతిలోని నిబంధనల్లో ఈ వృత్తి పేరే లేదు. ఆ పేరు చేర్చగలిగినవారు మీరు.

ప్రాణరక్షణ శిక్షణ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. 2018 సెప్టెంబరులో ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే గోల్డెన్ గ్లోబ్ పోటీలో మన నౌకాదళ కమాండర్ అభిలాష్ టామీ పడవ దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపానులో చిక్కుకుంది. స్తంభం విరిగింది, ఆయన వెన్నుపూస దెబ్బతింది, కదలలేని స్థితిలో మూడు రోజులు పడవలోనే పడి ఉన్నారు. ఫ్రెంచి నౌక ఒసిరిస్ వెళ్లి కాపాడింది. అదే మనిషి 2022లో మళ్లీ అదే పోటీకి దిగి, బయలుదేరిన 16 మందిలో ఎక్కడా ఆగకుండా చివరిదాకా నిలిచిన ముగ్గురిలో రెండోవాడిగా 236 రోజులకు ఒడ్డు చేరారు. ఆ ధైర్యం వెనుక నౌకాదళం ఏళ్ల తరబడి ఇచ్చిన శిక్షణ ఉంది. తారిణి అధికారుల వెనుకా అదే ఉంది. మన దేశంలో మహాసముద్రాలు చుట్టినవారిలో పేరు విన్నవాళ్లంతా దాదాపుగా నౌకాదళం వారే. యూనిఫాం లేని పిల్లవాడికి ఆ శిక్షణ ఎవరిస్తారు? తలకిందులైన తెప్పను తిరగేయడం, చీకట్లో నీళ్లలో పడిన మనిషిని వెతికి పైకి లాగడం, ఇవి డబ్బున్నవాళ్లు మాత్రమే నేర్చుకోగలిగిన విద్యలుగా మిగిలిపోతే, పేదింటి పిల్లవాడు అవి రాకుండానే సముద్రంలోకి వెళ్తాడు. నాకు నిద్ర పట్టనిది ఈ ఒక్క విషయానికే.

అందుచేత, దూరసముద్ర సెయిలింగ్‌ను క్రీడా ప్రోత్సాహకాల జాబితాలో చేర్చి, పతకాలతో పాటు ధ్రువీకరించిన సముద్రపు మైళ్లను కూడా అర్హతగా లెక్కించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. ప్రాణరక్షణ శిక్షణ, యాట్‌మాస్టర్ పరీక్ష ఖర్చును పేద కుటుంబాల పిల్లలకు ప్రభుత్వమే భరించాలి. వెయ్యి కిలోమీటర్లకు పైగా తీరమున్న రాష్ట్రం మనది. విశాఖలోనో, కాకినాడలోనో ఒక్క తెరచాప పడవనూ, అనుభవమున్న ఒక స్కిప్పర్‌నూ ఉంచితే, బంగాళాఖాతంలో తుపాన్ల భయం తక్కువగా ఉండే జనవరి నుంచి మార్చి దాకా పిల్లలు మైళ్లు సంపాదించుకోగలరు. పీఏబీఆర్‌లో పిల్లలు నేర్చుకునే ఆప్టిమిస్ట్ రకం డింగీలు పదింటితో ఒక శిక్షణ కేంద్రం పెట్టండి. అది అనంతపురానికి తాగునీరిచ్చే జలాశయమని అభ్యంతరం రావచ్చు. తెరచాప పడవకు డీజిల్ అక్కరలేదు, రక్షణ పడవ ఒక్కదానికి బ్యాటరీ మోటారు పెడితే నీళ్లకు ఏ కళంకమూ అంటదు. ఈత, లైఫ్ జాకెట్ విషయంలో ఏ మినహాయింపూ లేని నియమం నేనే దగ్గరుండి అమలు చేస్తాను.

వచ్చే ఆషాఢంలో, గాలి బాగా ఉన్న ఒక సాయంత్రం కొర్రకోడు గట్టు మీదికి రావలసిందిగా మిమ్మల్ని ఆహ్వానిస్తున్నాను. ఆ సమయానికి మా అబ్బాయి సెలవు మీద ఇంటికి వస్తాడు. అతని లాగ్‌బుక్ మీరే స్వయంగా తిప్పి చూడవచ్చు.

ఇట్లు,
మీ విధేయుడు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు,
కూడేరు మండలం, అనంతపురం జిల్లా.