రాజీనామా కాగితం మీద సంతకం పెట్టే ముందు

సంపాదకుల వారికి, నమస్కారం.

ఫ్యాక్టరీ మూతపడితే పత్రికలో వార్త వస్తుంది, గేటు ముందు ధర్నా ఫొటో వస్తుంది. బోధన్ నిజాం షుగర్స్, కాగజ్‌నగర్ సిర్పూర్ పేపర్ మిల్లు అలాగే వార్తలయ్యాయి. జీడిమెట్ల, బాలానగర్, పటాన్‌చెరు, గాజువాక లాంటి పారిశ్రామిక ప్రాంతాల్లో మాత్రం యాభై ఏళ్లు దాటినవారి పని చాలాసార్లు చడీచప్పుడు లేకుండా పోతుంది. ఒక్కొక్కరినీ ఆఫీసు గదిలోకి పిలుస్తారు. ముందే టైపు చేసి పెట్టిన రాజీనామా కాగితం చేతికిస్తారు. "మీరే రిజైన్ చేస్తే సెటిల్‌మెంట్ తొందరగా అయిపోతుంది, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ మంచిగా ఇస్తాం. తీసేశామని రాస్తే మీకే ఇబ్బంది" అంటారు. పరువుకు జంకి చాలామంది అక్కడే సంతకం పెట్టేస్తారు. ఆ సంతకంతో ఎంత పోతుందో లెక్కతో సహా మీ పాఠకులకు చెప్పాలనే ఈ ఉత్తరం.

ఒక కార్మికుడికి బేసిక్, డీఏ కలిపి నెలకు 13,000, మొత్తం జీతం 20,500, సర్వీసు 17 ఏళ్ల 7 నెలలు అనుకుందాం. యాజమాన్యమే పనిలోంచి తీసేస్తే (దీన్నే రిట్రెంచ్‌మెంట్ అంటారు), పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల వేతనం పరిహారంగా ఇవ్వాలి. ఆరు నెలలు దాటిన ముక్కను కూడా ఏడాదిగానే లెక్కేస్తారు కాబట్టి సర్వీసు 18 ఏళ్లు. సగం నెల వేతనం 6,500ను 18తో గుణిస్తే 1,17,000. నెల రోజుల ముందు నోటీసు ఇవ్వకపోతే దాని బదులు 13,000. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, కొత్త పని నేర్చుకోవడానికి (రీస్కిల్లింగ్) మరో 15 రోజుల వేతనం, అంటే 6,500, తీసేసిన 45 రోజుల్లోగా కార్మికుడి ఖాతాలో పడాలి. జీతం 21,000 లోపు కాబట్టి ఈయనకు ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉంటుంది. ఆ ఈఎస్ఐలోని రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన కింద మొదటి ఏడాది జీతంలో సగం, రెండో ఏడాది పావు వంతు నిరుద్యోగ భృతి వస్తుంది. రెండేళ్లూ పని దొరక్కపోతే అది దాదాపు 1,84,500. అన్నీ కలిపితే 3,21,000 రూపాయలు. రాజీనామా చేసినవారికి ఇందులో ఒక్క రూపాయి అడిగే హక్కు ఉండదు. ఈఎస్ఐ పథకం రిట్రెంచ్‌మెంట్, ఫ్యాక్టరీ మూసివేత, శాశ్వత వైకల్యం వల్ల పని పోయినవారికి మాత్రమే. కాగితం మీద రాజీనామా అని ఉంటే కౌంటర్ దగ్గరే తిప్పి పంపుతారు.

కాబట్టి పిలిచిన రోజు సంతకం పెట్టకండి. "ఇంట్లో మాట్లాడి రెండు రోజుల్లో చెబుతాను" అనండి. చట్టం దానికి అడ్డు చెప్పదు. ఆ రోజే ఫోన్‌లో ఫొటోలు తీసుకోవలసినవి కొన్ని ఉన్నాయి: నియామక పత్రం, చివరి ఆరు నెలల జీతం స్లిప్పులు, హాజరు కార్డు, లీవు నిల్వ, ఈఎస్ఐ నంబరు. కంపెనీ మెయిల్‌లోనో పోర్టల్‌లోనో ఉన్న స్లిప్పులు ఐడీ ఆగిపోయిన మర్నాటి నుంచి దొరకవు.

యాజమాన్యం నిజంగా మంచి ప్యాకేజీ ఇస్తానంటే పేచీ లేదు. కాని అది స్వచ్ఛంద పదవీ విరమణ పథకంగా రాతపూర్వకంగా ఉండాలి. మొత్తం ఎంతో, ఏ తేదీన ఇస్తారో అందులో ఉండాలి. పైన వేసిన లెక్క కంటే ఎక్కువ ఉంటేనే అది లాభం. గ్రాట్యుటీని, పీఎఫ్‌ను ప్యాకేజీలో కలిపి పెద్ద అంకె చూపించడం పాత అలవాటు. ఆ రెండూ ఎలాగూ మనవే, వాటిని తీసేసి చూడండి.

సెటిల్‌మెంట్ వోచరు మీద "ఇక నాకు రావలసినదేమీ లేదు" అన్న వాక్యం ఉంటుంది. లెక్క తేలకుండా డబ్బు తీసుకోక తప్పకపోతే, సంతకం పక్కనే "నా హక్కులకు భంగం లేకుండా తీసుకుంటున్నాను" అని మీ చేతిరాతతో రాసి తేదీ వేయండి. లేబర్ ఆఫీసులో ఆ ఒక్క వాక్యానికి ఎంతో బలం ఉంటుంది. వేతన కోడ్ ప్రకారం రావలసిన జీతం రెండు పని దినాల్లోనే ఇవ్వాలి. తీసివేత మీద వివాదం ఉంటే మొదట లేబర్ ఆఫీసులో రాజీ అధికారికి అర్జీ పెట్టాలి. అక్కడ 45 రోజుల్లో తేలకపోతే పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు నేరుగా వెళ్లవచ్చు. తీసేసిన రోజు నుంచి రెండేళ్లు దాటితే ఆ దారి మూసుకుపోతుంది. సూపర్‌వైజర్లు ఒకటి గమనించాలి. మేనేజర్ పని చేసేవారికీ, 18,000 పైన వేతనమున్న సూపర్‌వైజర్లకూ ఈ రక్షణ లేదు. అయితే విజిటింగ్ కార్డు మీద ఏముందన్నది కాదు, చేతులతో ఏ పని చేశారన్నదే లెక్క. పేరుకు "మేనేజర్" అయి రోజంతా ప్యానెల్ బోర్డు దగ్గరే ఉన్న మనిషి, తనకు హక్కు లేదని ముందే వదిలేసుకోకూడదు.

గ్రాట్యుటీ మాత్రం రాజీనామా చేసినా పోదు, ఐదేళ్ల సర్వీసు ఉంటే చాలు. దీని లెక్క వేరు: నెల వేతనాన్ని 26తో భాగించి, 15తో, సర్వీసు ఏళ్లతో గుణించాలి. పై ఉదాహరణలో 13,000ను 26తో భాగిస్తే 500, 15 రోజులకు 7,500, 18 ఏళ్లకు 1,35,000. 26 బదులు 30తో భాగించి, పై 7 నెలలను వదిలేసి 1,10,500 చేతిలో పెట్టేవాళ్లున్నారు. దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. నెల దాటితే వడ్డీ ఇవ్వాల్సి వస్తుంది.

పీఎఫ్‌లో డబ్బు ఆగేది ఎక్కువగా చిన్న చిన్న తప్పుల వల్లే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పీఎఫ్‌లో పొడి అక్షరంగా ఉంటుంది. పుట్టిన తేదీలో ఏడాది తేడా ఉంటుంది. పాత కంపెనీ ఖాతా ఇంకో యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) కింద పడి ఉంటుంది. కంపెనీ తాళం వేయకముందే జాయింట్ డిక్లరేషన్ (కార్మికుడు, యాజమాన్యం కలిసి ఇచ్చే సవరణ పత్రం) పెట్టించుకుంటే వారాల్లో అయ్యే పని, తర్వాత సంతకం పెట్టే మనిషి దొరక్క నెలలు పడుతుంది. మానేసిన తేదీని యాజమాన్యం ఎక్కించకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత సభ్యుడే పోర్టల్‌లో ఎక్కించుకోవచ్చు. ఉద్యోగం పోయినవారు 75 శాతం వెంటనే, మిగతా పావు వంతు ఏడాది తర్వాత తీసుకునేలా 2025 అక్టోబరులో పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్ఓ కేంద్ర ధర్మకర్తల మండలి నిర్ణయించింది. వీలుంటే ముట్టుకోకుండా ఉంచడమే మా సలహా.

పింఛను సంగతి ఇంకా ముఖ్యం. పదేళ్ల సర్వీసు ఉంటే 58వ ఏట పింఛను వస్తుంది. తొమ్మిదిన్నర ఏళ్లున్నా పదేళ్ల కిందే లెక్క. అంతకంటే తక్కువుంటే కంగారుపడి పింఛను డబ్బు తీసేసుకోకండి, చేసిన సర్వీసును నిలిపి ఉంచే స్కీమ్ సర్టిఫికెట్ తీసుకోండి. తర్వాత చిన్న ఉద్యోగం చేసినా ఆ సర్వీసు దీనికి కలుస్తుంది. 50 దాటగానే పింఛను మొదలుపెట్టుకోవచ్చుగానీ, 58కి తక్కువైన ప్రతి ఏడాదికీ 4 శాతం కోత పడుతుంది. 52వ ఏట మొదలుపెడితే ఐదో వంతుకు పైగా జీవితాంతం తగ్గినట్టే. ఇల్లు గడిచే దారి ఇంకేదైనా ఉంటే ఆగండి.

ఈఎస్ఐ లేనివారికి కంపెనీ గ్రూప్ ఆరోగ్య బీమా ఉంటుంది, అది మామూలుగా చివరి పనిదినంతో ఆగిపోతుంది. బీపీ, షుగర్ ఉన్నవారు కొత్త పాలసీ తీసుకుంటే పాత జబ్బులకు మూడేళ్ల దాకా నిరీక్షణ ఉండవచ్చు. అదే బీమా సంస్థలో గ్రూప్ నుంచి వ్యక్తిగత పాలసీకి మారితే, గడిచిన కాలాన్ని ఆ నిరీక్షణలోంచి తగ్గిస్తారు. ఈ మార్పు ఉద్యోగంలో ఉండగానే అడగాలి.

ఇంటి ఖర్చు విషయంలో ఒకే మాట. ఈఎంఐ కట్టలేమని తెలిసిన నెలలోనే బ్యాంకుకు వెళ్లండి. 90 రోజులు బకాయి పడితే ఖాతా మొండి బాకీల్లో చేరుతుంది, ఆ తర్వాత మేనేజర్ చేతిలోనూ పెద్దగా ఏమీ ఉండదు. వచ్చిన డబ్బుతో మొదటి ఆరు నెలల్లో కర్రీ పాయింటో, ఫ్రాంచైజీయో పెట్టకండి. ఉద్యోగం ఇప్పిస్తామని ముందే డబ్బు అడిగేవాళ్లకు ఒక్క రూపాయి ఇవ్వకండి. ఇంట్లో చెప్పకుండా రోజూ క్యారేజీ పట్టుకుని బయల్దేరి, పార్కులో కూర్చుని సాయంత్రం తిరిగొచ్చేవాళ్లు మన మధ్యే ఉన్నారు. మొదటి వారంలోనే భార్యకూ పిల్లలకూ చెప్పండి. నిద్ర పట్టక, మనసు కుంగి రెండు వారాలు దాటితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక కొత్త పని. యాభై దాటినవారికి అది ఆన్‌లైన్ దరఖాస్తులతో దొరకడం కష్టం. కేంద్రం నడిపే ఉద్యోగాల పోర్టల్ ఎన్‌సీఎస్‌లో, తెలంగాణవారైతే రాష్ట్రం నడిపే డీట్‌లో కూడా పేరు పెట్టండి, ఖర్చేమీ లేదు. కాని పని దొరికేది పనితనం చూసినవాళ్ల ద్వారా. తోటి కార్మికులు కూడా వెతుకులాటలోనే ఉంటారు కాబట్టి వాళ్లకంటే మీ కంపెనీకి సామాను వేసినవాళ్లను, సర్వీసుకు వచ్చినవాళ్లను ముందు కలవండి. కంప్రెసర్ మెకానిక్, మోటార్ రివైండింగ్ షాపు, రాణిగంజ్‌లో బేరింగులు, బెల్టులు అమ్మే వ్యాపారి, జనరేటర్ సర్వీసు కుర్రాడు. వీళ్లు రోజూ పది యూనిట్లు తిరుగుతారు. ఎక్కడ ఫిట్టర్ మానేశాడో, ఎక్కడ మెషిన్ మూలన పడి ఉందో పత్రికలో ప్రకటన రాకముందే వీళ్లకు తెలుస్తుంది.

బయోడేటాలో "26 ఏళ్ల మెయింటెనెన్స్ అనుభవం" అని రాస్తే యజమానికి వయసే కనిపిస్తుంది, పని కనిపించదు. దాని బదులు ఇలా రాయండి: "100 టన్నుల పవర్ ప్రెస్‌లు నాలుగు, స్క్రూ కంప్రెసర్ ఒకటి, 250 కేవీఏ జనరేటర్ ఒకటి నైట్ షిఫ్టులో ఒంటరిగా చూశాను. క్లచ్ లైనింగ్ మార్చడం, ప్యానెల్ వైరింగ్, బేరింగ్ ఫిట్టింగ్ సొంతంగా చేస్తాను. వైర్‌మన్ పర్మిట్ ఉంది." రెండు పేజీలు దాటనివ్వకండి, చివరి పదిహేనేళ్ల పని చాలు. పర్మిట్లు, బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్, ట్రాన్స్‌పోర్ట్ డ్రైవింగ్ లైసెన్సు ఉన్నవారు వాటి గడువు తేదీ ముందు చూసుకోవాలి. చట్టం ప్రకారం ఉండి తీరాల్సిన మనిషి అయితే యజమాని వయసు అడగడం మానేస్తాడు. మా అనుభవంలో పెద్దవయసువారికి ఇంతకు మించిన రక్షణ లేదు.

పాత లేత్ మీద పనిచేసినవారు సీఎన్‌సీ ప్రోగ్రామింగ్‌లో పాతికేళ్ల కుర్రాళ్లతో పోటీ పడాలని చూస్తారు. అక్కడ వేగం వాళ్లది. సెట్టింగ్, ఇన్‌స్పెక్షన్ మనవి. మైక్రోమీటర్, బోర్ గేజ్ చేతిలో పడితే కొలత ఎందుకు తప్పిందో చెప్పగలిగేది అనుభవమే. డ్రాయింగ్ చదవడం మరిచిపోయి ఉంటే బాలానగర్‌లోని కేంద్ర టూల్ డిజైన్ శిక్షణ సంస్థ సీఐటీడీలో స్వల్పకాలిక కోర్సులున్నాయి, రీస్కిల్లింగ్ డబ్బును దానికి వాడండి. స్టోర్స్, డిస్పాచ్ గుమాస్తాలకు ట్యాలీ, ఈ-వే బిల్లు వస్తే చిన్న యూనిట్లలో చోటు ఉంటుంది.

జీతం గురించి అడిగితే పాత అంకె ముందు చెప్పకండి, ఈ పనికి ఎంత ఇస్తున్నారో అడగండి. తగ్గక తప్పదు. ఎంత తగ్గినా నియామక పత్రం, పీఎఫ్ మాత్రం వదలకండి, పాత యూఏఎన్ నంబరే ఇవ్వండి. జీడిమెట్లలో ఉండేవారు పాశమైలారం వెళ్లిరావాలంటే ఛార్జీలు, రెండు మూడు గంటల సమయం జీతంలోంచి తీసేసి చూసుకోవాలి. సెక్యూరిటీ గార్డు పని త్వరగా దొరుకుతుంది. పొయ్యి వెలగడానికి చేరినా నైట్ షిఫ్టులు మాత్రమే ఒప్పుకోకండి. పగలంతా నిద్రపోతే వెతుకులాట అక్కడితో ఆగిపోతుంది. ఇంకొకటి: తీసేసిన ఏడాదిలోపు పాత కంపెనీ మళ్లీ మనుషులను తీసుకుంటే, తీసేసినవారికి అవకాశం ఇవ్వాలని చట్టం చెబుతోంది. మీ ఫోన్ నంబరు, చిరునామా రాసిన ఉత్తరం ఒకటి రిజిస్టర్డ్ పోస్టులో అక్కడికి పంపి ఉంచండి.

రెండు రాష్ట్రాల కార్మిక శాఖలకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. మూకుమ్మడిగా రాజీనామాలు వచ్చిన ఫ్యాక్టరీ కనిపిస్తే అధికారి స్వయంగా వెళ్లి వాటి వెనుక ఏముందో విచారించాలి. ఏ కార్మికుడూ ఫిర్యాదు చేయలేదన్న సాకు చాలదు, ఎందుకంటే బాకీ డబ్బు ఇంకా యాజమాన్యం చేతిలోనే ఉంటుంది. ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులు నిరుద్యోగ భృతి దరఖాస్తును, దానికి కావలసిన కాగితాల జాబితాను తెలుగులో అచ్చువేసి ప్రతి డిస్పెన్సరీ గోడ మీద అంటించాలి.

ఇట్లు
టైమాఫీసు, పీఎఫ్ పనుల్లో ఉండి విశ్రాంతి తీసుకుంటున్న కొందరు ఉద్యోగులు,
బాలానగర్, హైదరాబాద్