పిల్లల పేజీలో పీఠం ‘పీరం’ అయింది

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పిల్లల పేజీకి ఈమధ్య ఫాంటు మార్చారు కదా, ఆ బొద్దుగా గుండ్రంగా ఉండే అక్షరాలు, అవి నాకు చాలా నచ్చాయండి, ముందు ఆ మాట చెప్పాలి. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, పాత అను తెలుగు ఫాంట్ల కాలం నుంచీ డీటీపీ, అంటే కంప్యూటర్లో అచ్చుకి పేజీలు తయారుచేసే పని, చేస్తున్నవాణ్ణి. తెలుగు అక్షరం అసలే గుండ్రం, క చూసినా ర చూసినా ఒంపే, దాన్ని బోల్డ్ చేసి చివర్లు బ్లేడుతో కోసినట్టు ఆపేస్తే ఒంపు మధ్యలో తెగిపోయినట్టుంటుంది, అదే చివర్లు కూడా గుండ్రంగా ఉంటే లావు స్కెచ్ పెన్నుతో రాసి చెయ్యి ఎత్తినట్టే ఉంటుంది. ఇంగ్లీషులో 1979లో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ కోసం చేసిన వ్యాగ్ రౌండెడ్ అనే గుండ్రటి చివర్ల ఫాంటు చాలా ఫేమస్, కానీ ఈ రకం అక్షరం ఇంగ్లీషు కన్నా మన లిపికే బాగా నప్పుతుందని నా గట్టి నమ్మకం.

బాధల్లా ఏంటంటే హెడ్డింగుకి పెట్టిన ఫాంటునే కింద కథ మొత్తానికీ పెట్టేశారు. మా మనవరాలు రెండో క్లాసు, పోయిన ఆదివారం చదువుతూ చదువుతూ ఆగి ‘తాతయ్యా, పీరం అంటే ఏంటి’ అంది. కళ్లజోడు పెట్టుకుని చూస్తే అది పీఠం! ఠ కి ర కి తేడా లోపలున్న చుక్కే కదండీ, ఆ చుక్క కాస్తా ఇంకులో కలిసిపోయింది. పైన హెడ్డింగులో శుభ్రంగా ఉన్న ‘కథ’ కూడా కింద ‘కధ’ లాగే కనిపిస్తోంది. గీత లావైతే బయటికే కాదు లోపలికీ పెరుగుతుంది, అక్షరం కడుపులో ఖాళీ తగ్గిపోతుంది, దానికి తోడు న్యూస్‌ప్రింట్ కాగితం మీద ఇంకు కొంచెం పాకుతుంది, పెద్ద సైజులో ఇదేమీ తెలీదు గానీ 11 పాయింట్లకి దించేసరికి పూడుకుపోతుంది. ఇక వత్తులు. రాష్ట్రం, స్త్రీ లాంటి మాటల్లో ఒకదాని కింద ఒకటి వత్తులుంటాయి, లీడింగ్, అంటే లైన్ల మధ్య దూరం, పెంచలేదేమో అవి కింద లైను గుడుల మీద కూర్చున్నాయి. పెద్దవాళ్లం అలవాటు మీద చదివేస్తాం, అక్షరాలు ఇప్పుడిప్పుడే కూడబలుక్కునే పిల్లలకి అది కుదరదండి.

ఇలాంటి బొద్దు అక్షరాలదే, ఫ్రీగా దొరికే బాలూ తమ్ముడు ఫాంటు చూడండి, ఫాంట్లు తయారుచేసే ఏక్ టైప్ వాళ్లు చేసింది, మొదట ఒక్క లావులోనే వచ్చింది, తర్వాత బాలూ తమ్ముడు 2 లో రెగ్యులర్ నుంచి ఎక్స్‌ట్రాబోల్డ్ దాకా ఐదు మందాలు ఇచ్చారు, అన్నిటికీ ఒక్క లావు చాలదనే కదా.

కాబట్టి ఆ ఫాంటు తీసెయ్యమని అనట్లేదు, దయచేసి తియ్యకండి. హెడ్డింగుకి, బొమ్మ పక్కన వేసే పెద్ద మాటలకి ఉంచండి, కథకి మాత్రం మీ మామూలు సన్న ఫాంటు పెట్టించండి. వచ్చే ఆదివారం పేజీ ప్రెస్సుకి పంపేముందు ఠ, థ ఉన్న మాటలు ఒక్కసారి ప్రింటు తీసి చూడమని మీ డిజైనర్ గారికి చెప్పగలరు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు