‘సంబంధం’ అన్న గడిలో ఏం రాయాలి?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో సలహాల శీర్షిక చదివాను. భర్త వదిలేసి నాలుగేళ్లయిన ఒక చెల్లెలు మీకు ఉత్తరం రాసింది. తనలాగే మోసపోయిన స్నేహితురాలితో కలిసి ఉంటోందట. ఇప్పుడు ఆమె పక్కన లేకపోతే ఊపిరాడడం లేదు, ఇది తప్పా అని అడిగింది. మీ నిపుణులు ఏమన్నారంటే, మగవాడు చేసిన గాయం వల్ల మనసు పక్కదారి పట్టిందట, ఇది ప్రేమ కాదట, కౌన్సెలింగ్ తీసుకుని మళ్లీ పెళ్లి గురించి ఆలోచించాలట, అప్పటిదాకా ఆ స్నేహితురాలికి దూరంగా ఉండాలట.

ఆ చివరి మాట దగ్గర పేపరు మడిచి పక్కన పెట్టేశాను. రాత్రి మళ్లీ తీసి చదివాను. ఆ చెల్లెలు కూడా అలాగే మళ్లీ మళ్లీ చదువుతూ ఉంటుందన్న ఆలోచనతో నిద్ర పట్టలేదు.

నాకు 49 ఏళ్లు. ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కలు రాస్తాను. నాతో ఉంటున్నావిడకు 43. జాకెట్లు కుడుతుంది. మేమిద్దరం మోసపోయినవాళ్లమే. మేమిద్దరం ఒకరినొకరం ప్రేమించుకున్నవాళ్లమే. ఈ రెండు మాటల మధ్యలో మీ నిపుణులు ‘కాబట్టి’ అన్న మాట పెట్టారు. ఆ ‘కాబట్టి’ తప్పు. ఎందుకు తప్పో చెప్పాలంటే నా సంగతి కొంత చెప్పుకోవాలి.

పెళ్లయిన పదిహేడో ఏట మా ఇంటికి పోస్టులో ఒక కవరు వచ్చింది. మా ఆయన పేరు మీద బీమా పాలసీ బాండు. లెక్కలు రాసే అలవాటు కదా, విప్పి చూశాను. నామినీ పేరు నాది కాదు. పక్కనే ‘సంబంధం’ అన్న గడిలో ‘భార్య’ అని టైపు చేసి ఉంది. అంతే. ఎవరూ వచ్చి చెప్పలేదు, నేను ఎవరినీ పట్టుకోలేదు. ఒక చిన్న గడిలో రెండు అక్షరాలు చదివి, పదిహేడేళ్లుగా నేను ఉంటున్న ఇల్లు నాది కాదని తెలుసుకున్నాను.

ఆమె కథ ఇంకా ఘోరం. ఇంట్లోవాళ్లందరినీ కాదనుకుని ప్రేమించినవాడి వెంట వెళ్లింది. గుళ్లో పెళ్లి, రిజిస్ట్రేషన్ లేదు. ఆరేళ్లు కాపురం చేసి వదిలేశాడు. భరణం కోసం కేసు వేస్తే, ‘పిటిషనర్ ఎవరో నాకు తెలియదు’ అని ప్రమాణం చేసి కౌంటర్ దాఖలు చేశాడు. ఆ కాగితం నేను చూశాను. ఆ వాక్యం కింద ఆమె గోటితో గీసిన గీత ఉంది, కాగితం చిరిగిపోయేంత లోతుగా.

మేము కలిసింది ఫ్యామిలీ కోర్టు వరండాలో. అక్కడికి వెళ్లినవాళ్లకు తెలుస్తుంది. పదిన్నరకల్లా రమ్మంటారు, పేరు ఎప్పుడు పిలుస్తారో తెలియదు. బంట్రోతు గొంతు వినపడదేమోనన్న భయంతో అవసరానికి కూడా లేచి వెళ్లం. సాయంత్రానికి జడ్జిగారు సెలవనో, అవతలి లాయరు టైము అడిగారనో వాయిదా వేస్తారు. అలాంటి ఒక రోజు నా కేసు కట్ట దారం తెగి కాగితాలు నేల మీద పడ్డాయి. పక్క బెంచీ మీద కూర్చున్న మనిషి ఏరి ఇచ్చి, ‘అక్కా, ఇలా ఇవ్వండి’ అంది. సంచి లోపలి మడతకు గుచ్చి ఉన్న సూది తీసింది. దారం నోటితో తడిపి ఎక్కించి, కాగితాల అంచులు మోకాలి మీద తట్టి సర్ది, ఎడమవైపు పైమూల మూడు కుట్లు వేసింది. పంటితో దారం తెంపి ఇచ్చేసింది. ఆ కుట్లు ఈనాటికీ ఊడలేదు.

ఆ తర్వాత మూడేళ్లు. వాయిదా ఎప్పుడో ఒకరికొకరం చెప్పుకునేవాళ్లం, వీలైతే ఇద్దరి లాయర్లనూ ఒకే తేదీ అడగమనేవాళ్లం. తోడు కోసమే అనుకున్నాను. ఒకరోజు నా కేసు మళ్లీ వాయిదా పడింది. లాయరు విసుక్కుంటున్నాడు. నాకు మాత్రం లోపల సంతోషం. నెల తర్వాత మళ్లీ ఆమె పక్కన కూర్చోవచ్చు కదా అన్న సంతోషం. ఆ కేసు తేలితే తప్ప నాకు బతుకు లేదు. అలాంటిది తేలనందుకు సంతోషపడ్డాను. బస్సులో కూర్చున్నాక గాని నాకేమవుతోందో అర్థం కాలేదు. అర్థమయ్యాక భయమేసింది.

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద తీర్పు ఇచ్చింది. ఇష్టపడి కలిసిన పెద్దవాళ్ల బంధం నేరం కాదని చెప్పింది. మర్నాడు మాకు వాయిదా. వరండాలో కొందరు ఆ తీర్పు గురించి చేతులు చరుచుకుంటూ నవ్వుకుంటున్నారు. ఆమె బెంచీ మీద ఎవరో వదిలేసిన పేపరు చదువుతోంది. చదివి, ఆ ఒక్క పేజీ నాలుగు మడతలు పెట్టి సంచిలో దాచుకుంది. ఎందుకని నేను అడగలేదు. తను చెప్పలేదు. ఆ రోజు నుంచి నన్ను ‘అక్కా’ అని పిలవడం మాత్రం మానేసింది. చాలా రోజుల తర్వాత ఎందుకు మానేశావని అడిగితే, ‘నోరు రావట్లేదు’ అంది.

నాకు డిక్రీ, అంటే కేసు తేల్చిన కోర్టు ఉత్తర్వు, వచ్చిన రోజు చేతిలో కాగితం పట్టుకుని మెట్లు దిగుతుంటే ఆమె కింద నిలబడి ఉంది. ‘ఇవాళ నీకు వాయిదా లేదుగా?’ అన్నాను. ‘లేదు’ అంది. ఇంకేమీ అనలేదు. మా మధ్య ప్రేమ మాటలంటూ ఏవైనా ఉంటే, అవే.

ఇప్పుడు ఆ ‘కాబట్టి’ సంగతి. మగవాడు మోసం చేస్తే ఆడవాళ్లు ఆడవాళ్లను ప్రేమిస్తారన్నదే నిజమైతే, ఆ వరండాలో రోజూ కూర్చునే అంతమందికీ అదే జరగాలి. జరగలేదు. కొందరు మళ్లీ పెళ్లి చేసుకున్నారు, కొందరు ఒంటరిగానే ఉన్నారు, కొందరు రాజీపడి అదే మనిషితో వెళ్లారు. మోసం మమ్మల్ని ఆ వరండా దాకా తీసుకొచ్చిన మాట నిజమే. కానీ అంతమాత్రాన ప్రేమకు మోసమే కారణమంటే, మమ్మల్ని అక్కడికి తీసుకొచ్చిన బస్సు కూడా కారణమే అనాలి. ఆమెకు ఇంటర్ చదివే రోజుల నుంచే తన మనసు తెలుసు. తెలిసి కూడా అతన్ని నిజంగానే ప్రేమించింది. మగవాళ్లనైనా ఆడవాళ్లనైనా ప్రేమించగల మనసు ఆమెది. నా సంగతి అలా కాదు. 41వ ఏడు వచ్చేదాకా నాకేమీ తెలియదు. ముందు నుంచీ నాలో ఉందో, అప్పుడే పుట్టిందో ఇప్పటికీ చెప్పలేను. చెప్పాల్సిన అవసరం ఎందుకు? నా పెళ్లప్పుడు, అతన్ని ఎందుకు ఇష్టపడుతున్నావో కారణం చెప్పమని ఎవరూ అడగలేదు.

గాయం లేదని అనడం లేదు. ఉంది. కలిసి ఉండడం మొదలుపెట్టిన ఏడాది, ఆమె నిద్రపోయాక ఆమె ఫోను తీసి చూసేదాన్ని. ఒక రాత్రి కళ్లు తెరిచి చూసింది. తిట్టలేదు. ‘చూసుకో. కానీ అతని ఫోను చూసినట్టు చూడకు’ అంది. ఫోను కింద పెట్టి చాలాసేపు ఏడ్చాను. ఆడది కాబట్టి మోసం చేయదన్న నమ్మకమేమీ నాకు లేదు. ఆడవాళ్లూ మోసం చేస్తారు. ఈ మనిషి మీద నాకు నమ్మకం కుదిరింది, అదీ నెమ్మదిగా. మీ నిపుణులు చెప్పినట్టు ప్రేమ గాయంలోంచి పుట్టలేదు. గాయం ఉండగానే, దాన్ని దాటుకుని రావడానికి ప్రేమ చాలా కష్టపడింది.

కౌన్సెలింగ్‌తో మనసు మారుతుందన్నట్టు రాశారు కాబట్టి ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న స్వలింగ ప్రేమను జబ్బుల జాబితా నుంచి తీసేసింది. మన దేశంలో జాతీయ వైద్య కమిషన్ 2022లో, ఇలాంటివాళ్లను మార్చేస్తామంటూ చేసే చికిత్స వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని చెప్పింది. ఆ చెల్లెలికి కౌన్సెలింగ్ అవసరమే కావచ్చు. మోసపోయిన బాధకు, భయానికి, ఇంట్లోవాళ్ల మాటలు తట్టుకోవడానికి. ప్రేమించినందుకు కాదు.

మీ పత్రిక వాడే మాట గురించి కూడా చెప్పనివ్వండి. ఎప్పుడు రాసినా ‘స్వలింగ సంపర్కులు’ అని రాస్తారు. భార్యాభర్తల గురించి వార్త రాసేటప్పుడు సంపర్కం అన్న మాట వాడతారా? మా ఇంట్లో ఉండేది కుట్టుమిషను చప్పుడు, నెలాఖరు లెక్కలు, ఎవరు ముందు నిద్ర లేవాలన్న పేచీ. ‘వింత ప్రేమ’, ‘విచిత్ర బంధం’ అన్న శీర్షికలు చూసిన ప్రతిసారీ ఆమె పేపరు తిరగేసి పెడుతుంది. మా పక్కింటివాళ్లకు ఆ శీర్షిక కనపడకూడదని. స్వలింగ ప్రేమికులు అనండి, మాలాంటివాళ్లందరికీ కలిపి వాడే ‘క్వీర్’ అన్న మాట అనండి. ఉట్టి ప్రేమ అన్నా చాలు.

చట్టం మాకు ఏమిచ్చిందో, ఏమివ్వలేదో ఆ చెల్లెలికి మీ నిపుణులు చెప్పి ఉంటే ఎంత మేలు జరిగేది! 2024 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, తల్లిదండ్రులు విడదీసిన ఇద్దరు యువతుల విషయంలో, మేజరైన మనిషి తనకు నచ్చిన వ్యక్తితో కలిసి ఉండొచ్చని, ఇంట్లోవాళ్లు జోక్యం చేసుకోకూడదని చెప్పింది. అదే ఏడాది ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం, మాలాంటివాళ్లు జాయింట్ ఖాతా తెరవడానికి గాని, తోడుగా ఉన్న మనిషిని ఖాతాకు నామినీగా పెట్టుకోవడానికి గాని ఆంక్షలేమీ లేవని స్పష్టంగా చెప్పింది. పెళ్లి సంగతికొస్తే, 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు, అది ప్రాథమిక హక్కు కాదు, చట్టం చేయాల్సింది చట్టసభలేనంది. అంటే కలిసి ఉండొచ్చు, ఒకే ఖాతాలో దాచుకోవచ్చు, కానీ ఒకరికొకరం ఏమవుతామో చెప్పే మాట మాత్రం చట్టంలో లేదు.

వరస లేకపోవడమంటే ఏమిటో మాకు రోజూ తెలుస్తూనే ఉంటుంది. ఇల్లు అద్దెకు అడిగితే మొదటి ప్రశ్న ‘మీ ఇద్దరికీ ఏం వరస?’ అక్కచెల్లెళ్లమని చెప్పాం. ఆమె నోరు రావట్లేదన్న మాటే ఇప్పుడు ఇల్లు నిలబెట్టుకోవడానికి నలుగురిలో పిలవాలి. ‘అక్కా’ అని పిలిచిన ప్రతిసారీ తలుపు వేశాక నా పేరు పెట్టి మెల్లగా ఒకసారి పిలుస్తుంది. దిద్దుకుంటున్నట్టు.

అందుకే ఆ చెల్లెలికి నా మాటగా ఇది చేరవేయండి. అమ్మా, ఆమెకు దూరంగా ఉండకు. తొందరపడి ఊరందరికీ చెప్పనూ వద్దు, నీ ఉద్యోగం, నీ తలదాచుకునే చోటు ముందు చూసుకో. బ్యాంకులో నామినేషన్ ఫారాలు ఇద్దరూ నింపుకోండి. నామినీగా రాసినంత మాత్రాన ఆస్తి దక్కదు, డబ్బు చేతికొస్తుందంతే, వారసులు వచ్చి అడగొచ్చు. కాబట్టి వీలునామా రాసుకోండి. తెల్లకాగితం మీద రాసినా చెల్లుతుంది. ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని చేయించుకుంటేనే నిబ్బరం. మేము చేయించుకున్నాం. రాసిన రోజు ఆమె ఆ కాగితాలకు కూడా మూలన మూడు కుట్లు వేసింది.

మొన్న ఆమెకు ఆపరేషన్ అయింది. ఆస్పత్రిలో నా చేతికి అంగీకార పత్రం ఇచ్చారు. సంతకం కింద మళ్లీ అదే గడి, ‘రోగితో సంబంధం’. వెనక క్యూ ఉంది, నర్సు పెన్ను పట్టుకుని నిలబడింది. ‘అక్క’ అని రాశాను. మత్తు దిగాక ఆమె అడిగిన మొదటి మాట, ‘ఏమని రాశావ్?’ చెప్పాను. కాసేపు కళ్లు మూసుకుని, ‘పోనీలే, లోపలికి రానిచ్చారుగా’ అంది.

వచ్చే నెల మళ్లీ చూపించుకోవాలి. మళ్లీ ఫారం ఇస్తారు. ఈసారి ఏం రాయాలో ఇద్దరం ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నాం.

దయచేసి నా పేరు, ఊరు ప్రచురించవద్దు.

ఇట్లు,
ఒక పాఠకురాలు