మందు వేసుకుంటున్న వాళ్ళ గురించి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో డిప్రెషన్ గురించి సగం పేజీ వేశారు. నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, దేని మీదా మనసు నిలవకపోవడం రెండు వారాలు దాటితే డాక్టర్ని కలవమని రాశారు. మంచి మాటే. కానీ వ్యాసం అక్కడితో అయిపోయింది. నేను మొదటిసారి డాక్టర్ని కలిసి తొమ్మిదేళ్ళు దాటింది. రాత్రి మాత్ర మింగి, పొద్దున లేచి పనికి పోయే నాలాంటి వాళ్ళు ఈ ఊర్లో చాలామంది ఉంటారు. ఆ మాత్రే పనిచేయడం మానేసినట్టు అనిపిస్తే ఏం చేయాలో మాకు ఎవరూ రాయరు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది తిరుపతి, కొర్లగుంట. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. వయసు 48. మా ఆయన యాత్రికులను కాణిపాకం, శ్రీకాళహస్తి తిప్పే కారు నడుపుతారు. మా అమ్మ చనిపోయిన ఏడాది నేను మంచం పట్టాను. అప్పుడు డిప్రెషన్‌కు వాడే ఎస్సిటాలోప్రామ్ 10 మిల్లీగ్రాముల మాత్ర రాశారు. అది ఒంటికి పట్టడానికి నాలుగైదు వారాలు పట్టింది. బాగైపోయాను కదా అని మధ్యలో ఒకసారి నా అంతట నేనే ఆపేశాను. మూడో రోజుకే తల తిప్పితే చాలు, లోపల కరెంటు కొట్టినట్టు జిల్లుమనేది. రెండు నెలల్లో పాత జబ్బు మొత్తం తిరిగొచ్చింది. ఆ తర్వాత ఆరేళ్ళు, రాత్రి తొమ్మిదికి, ఒక్క రోజు తప్పకుండా వేసుకున్నాను. ఆ ఆరేళ్ళూ బాగున్నాను. మా పాప పెళ్ళి చేశాను, అప్పు తీర్చాను.

ఈ ఏడాది ఏప్రిల్ చివర్లో తేడా వచ్చింది. ముందు నాకు తెలిసింది మెషిన్ దగ్గరే. గుడ్డ కత్తిరించగలుగుతున్నాను, జాకెట్‌కి చేతులు అతికే దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతున్నాను. ఆది జాకెట్ పక్కన పెట్టుకుని కొలిచిందే మళ్ళీ కొలుస్తున్నాను. గంగమ్మ జాతర దగ్గర పడింది. జాతరలో ఆడవేషాలు కట్టే మగపిల్లలకు కూడా జాకెట్లు ఒప్పుకున్నాను. మొత్తం 23 జాకెట్లు ముక్కలుగా మంచం మీద పడి ఉన్నాయి. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి, గుండె మీద రోలు పెట్టినట్టు ఉండేది. మాత్ర అదే, వేసుకునే టైమూ అదే.

అయ్యా, జబ్బు తిరగబెట్టడం ఒక బాధ. మందు కూడా పోయిందే అనే భయం దానికంటే పెద్దది. మొదటిసారి పడిపోయినప్పుడు ఎక్కడో మందు ఉంటుందన్న ఆశైనా ఉండింది. ఈసారి ఆ మందు నా చేతిలోనే ఉంది, రోజూ గొంతు దిగుతోంది, అయినా ఇలా ఉన్నాను. ఇంకెక్కడికి పోవాలి అనిపించింది. ఎదురింటి అక్క, "ఏండ్ల తరబడి మింగితే ఒంటికి అలవాటైపోతుంది, ఇంక పట్టదు" అంది. మా ఆయన, "పనిచేయని మందుకు డబ్బులెందుకు, కొన్నాళ్ళు ఆపి చూడు" అన్నారు. ఆయనకు నామీద ప్రేమ లేక కాదు, ఏం చెప్పాలో తెలియక. నాకేమో రెండేసి వేసుకుందామా అనిపించింది. ఆ కరెంటు కొట్టిన రోజులు గుర్తుండి ఆపలేదు. రెండు వేసుకోవడం మాత్రం మా వదిన పడనివ్వలేదు. డాక్టర్ నన్ను రమ్మన్నది జూన్‌లో. వదిన నన్ను జాతర వారంలోనే, మే నెలలోనే, పట్టుకుపోయింది.

డాక్టరమ్మ మందు మార్చేస్తుందనుకున్నాను. ఆమె మాత్రం ప్రశ్నలు మొదలుపెట్టింది. మాత్రలు ఎన్నిసార్లు మరిచిపోయారు? నెలసరి ఎలా ఉంది? ఇంట్లో ఎవరైనా పోయారా? నిద్ర ఎన్ని గంటలు? ఈ మధ్య కొత్తగా ఏ మందైనా మొదలుపెట్టారా, పసరు మందైనా సరే చెప్పండి అంది. నా కొలతల నోటు వెనక పేజీల్లో మాత్ర వేసుకున్న టైము, నిద్ర రోజూ రాసుకుంటాను. అది చూపించాను. మార్చి నడిమిలో "మోకాళ్ళకు కాల్షియం మాత్ర" అని రాసి ఉంది. పొద్దున పరగడుపున థైరాయిడ్ మాత్రతో పాటే, ఒకే గుక్కలో వేసుకుంటున్నాను. ఆమె వేలు అక్కడ ఆగింది.

కాల్షియం గానీ ఐరన్ గానీ కలిసి వేసుకుంటే థైరాయిడ్ మాత్ర ఒంటికి సరిగా ఎక్కదట. మధ్యలో 4 గంటలు ఉండాలట. రక్తపరీక్ష చేయిస్తే, థైరాయిడ్ తగ్గితే పెరిగే టీఎస్‌హెచ్, నాలుగు లోపు ఉండాల్సింది, 11.2 వచ్చింది. "మనసు మాత్ర తన పని తాను చేస్తూనే ఉందమ్మా, థైరాయిడ్ మాత్రే మీకు పట్టడం లేదు. థైరాయిడ్ తగ్గినా ఇలాగే నీరసం, దిగులు వస్తాయి" అంది. కాల్షియం మధ్యాహ్నం అన్నం తర్వాతకి మార్చింది. మిగతా ఏదీ కదిలించలేదు. ఆరు వారాలు ఆగి మళ్ళీ పరీక్ష చేద్దామంది.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. కాల్షియం రాసిన ఎముకల డాక్టర్ వేరే ఏం మందులు వాడుతున్నారని అడగలేదు, అది నిజమే. కానీ నేనూ ఫైలు తీసుకుపోలేదు. ఎందుకంటే ఫైలు అట్ట మీద మానసిక వైద్యం అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది చేతిలో పట్టుకుని ఇంకో ఆసుపత్రిలో కూర్చోవడానికి సిగ్గుపడ్డాను. థైరాయిడ్ చీటీ కూడా ఆ ఫైల్లోనే ఉంది. ఒకటి దాచబోయి రెండూ దాచాను.

అందరికీ కారణం ఇలా దొరుకుతుందని నేను అనడం లేదు. ఆ రోజు బెంచీ మీద నా పక్కన కూర్చున్న ఆమెకు ఏ కారణమూ దొరకక డోసు పెంచారు. టీబీకి వాడే రిఫాంపిసిన్ కొన్ని మందులను ఒంట్లోంచి తొందరగా పంపించేస్తుందని, ఒలాంజపిన్, క్లోజపిన్ అనే మానసిక జబ్బు మందులు వాడేవాళ్ళకు సిగరెట్లు తాగితే మందు బలం తగ్గుతుందని, ఉన్నట్టుండి సిగరెట్ మానేస్తే పెరుగుతుందని కూడా డాక్టరమ్మ చెప్పింది. ఇవన్నీ అడిగితేనే బయటపడతాయి. మనమే మందు పోయిందని తీర్పు చెప్పేసుకుంటే అడిగేవాళ్ళు ఉండరు.

ఆ ఆరు వారాలు గడవడమే కష్టమైంది. కారణం తెలిసినంత మాత్రాన దిగులు పోలేదు. జాతర జాకెట్లు పక్కవీధి టైలరమ్మకు ఇచ్చేశాను. వచ్చినవాళ్ళకు ఒంట్లో బాగలేదని చెప్పాను, అది అబద్ధం కాదు. నేను హుక్కులు, ఫాల్స్ మాత్రమే కుట్టాను. మనసు ఎలా ఉందో రోజూ చూసుకుంటే భయమేసేది, అందుకని నోటులో హుక్కుల లెక్క రాశాను. ఒకరోజు 12. ఒకరోజు 4. ఒకరోజు ఏమీ లేదు. తెల్లవారుజామున మెలకువ వస్తే పడుకుని కొట్టుకోకుండా, వెలుతురు రాగానే వదినతో కపిలతీర్థం దాకా నడిచేదాన్ని. ఎండాకాలం, పైనుంచి నీళ్ళు పడటం లేదు. కాసేపు కొండ చూసి తిరిగొచ్చేవాళ్ళం. అన్నం దిగకపోతే రాగిజావ తాగాను.

మే చివర్లో ఒక రాత్రి, నేను లేకపోతే వీళ్ళంతా సుఖంగా ఉంటారు అన్న ఆలోచన గట్టిగా పట్టుకుంది. మీ పేపర్లోనే ఎప్పుడో చూసిన 14416కి ఫోన్ చేశాను. అది 2022 అక్టోబర్‌లో మొదలైన టెలి మానస్, మనసు బాగలేనివాళ్ళతో ఫోన్లో మాట్లాడే ప్రభుత్వ సేవ, పగలూ రాత్రీ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. తెలుగులోనే మాట్లాడారు. ఇంట్లో ఎవరున్నారు అని అడిగింది ఆ అమ్మాయి. మా ఆయన పడుకున్నారు, పొద్దున్నే ట్రిప్పు ఉంది, లేపలేనన్నాను. "లేపండమ్మా, నేను లైన్లోనే ఉంటాను" అంది. లేపాను. ఆయన తెల్లారేదాకా నా పక్కన చాప మీదే కూర్చున్నారు, ట్రిప్పు వేరే డ్రైవర్‌కి ఇచ్చేశారు. పొద్దున మాత్రల షీట్లన్నీ వదిన తీసుకుపోయింది. ఆ రోజు నుంచి రాత్రి తొమ్మిదికి ఒక్క మాత్ర తెచ్చి ఇచ్చేది. మందు మానేయమన్న మాట మా ఆయన మళ్ళీ అనలేదు.

జూన్ మూడో వారంలో ఒక సాయంత్రం కరెంటు పోయింది. చేతులు అతుకుతున్న జాకెట్ సగంలో ఆగిందని నాకు చిరాకు వేసింది. నేను చేతులు అతుకుతున్నాననే సంగతి ఆ చిరాకుతోనే తెలిసింది. నెలాఖరుకు టీఎస్‌హెచ్ 3.1కి దిగింది. మనసు మాత్ర ఇప్పటికీ అదే 10 మిల్లీగ్రాములు.

అయ్యా, ఈసారి ఇలాంటి వ్యాసం వేసినప్పుడు ఇప్పటికే మందు వాడుతున్న వాళ్ళను, వాళ్ళ ఇంట్లో వాళ్ళను కూడా గుర్తుపెట్టుకోండి. "ఆపి చూడు" అనకుండా "పద, డాక్టర్ దగ్గరికి పోదాం" అనమని ఇంట్లోవాళ్ళకు చెప్పండి. ఏ ఆసుపత్రికి పోయినా ఫైలు మొత్తం తీసుకుపొమ్మని చెప్పండి. నా పేరు మాత్రం వేయకండి, మా పాప అత్తగారింట్లో ఇంకా తెలియదు. థైరాయిడ్ మాత్రకు, కాల్షియం మాత్రకు మధ్య 4 గంటలు ఉండాలన్న ముక్కను కాస్త పెద్ద అక్షరాల్లో వేయండి. మా వీధిలోనే ఆ రెండూ కలిపి మింగుతున్న వాళ్ళు ఇంకో ముగ్గురు కనిపించారు.

ఇట్లు,
ఒక టైలరమ్మ,
కొర్లగుంట, తిరుపతి